పర్లాకిమిడి సంస్థానం – పరిశ్రమ, విద్య

పర్లాకిమిడి సంస్థానం పూర్వపు మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లాలోని ఒక జమీందారీ. దీని భూములు నేటి ఒడిషా రాష్ట్రంలోని గజపతి జిల్లాలోను, ఆంధ్ర ప్రదేశ్ లోని శ్రీకాకుళం ప్రాంతంలోను ఉన్నాయి. ముఖ్యపట్టణమైన పర్లాకిమిడి మహేంద్రతనయ నది ఒడ్డున, రెండు రాష్ట్రాల సరిహద్దుకు ఆనుకొని ఉన్నది. సంస్థానాధీశులు గజపతి వంశీయులు. వీరు తమను కళింగ గాంగుల సంతతిగా చెప్పుకొన్నారు.

విజయనగరం, వెంకటగిరి వంటి పెద్ద జమీందారీలతో పోల్చితే పర్లాకిమిడి చిన్నది. అయినా ఇరవయ్యవ శతాబ్దపు తొలి అర్ధభాగంలో దీని పేరు తెలుగు, ఒడియా దేశాలు రెండింటిలోను ప్రముఖంగా వినిపించింది. ఇందుకు ముఖ్యమైన కారణాలు రెండు: సంస్థానం సొంత ఖర్చుతో వేసుకున్న చిన్న రైలు మార్గం, రాజావారి పాఠశాల నుండి ఎదిగిన కళాశాల. జమీందారీ రద్దయిన తరువాత కూడా ఈ రెండూ నిలిచి ఉన్నాయి.

నైసర్గిక స్వరూపం, ప్రజలు

సంస్థానంలో రెండు భిన్నమైన భాగాలు ఉండేవి. దిగువన వంశధార, మహేంద్రతనయ నదుల పరివాహకంలోని మైదానం. ఇక్కడ వరి ప్రధానమైన పంట. ఎగువన తూర్పు కనుమలకు చెందిన కొండ ప్రాంతం. దీనిని "మాలియాలు" అనేవారు. కొండలలో ప్రధానంగా సవరలు నివసిస్తారు. వీరి భాష ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది; తెలుగుతో గాని, ఒడియాతో గాని దీనికి కుటుంబ సంబంధం లేదు.

మైదానంలోని రైతులలో తెలుగువారు ఎక్కువ. రాజకుటుంబము, పట్టణంలోని అనేక కుటుంబాలు ఒడియా భాషీయులు. ఈ విధంగా ఒకే జమీందారీలో మూడు భాషలు వ్యవహారంలో ఉండేవి. సంస్థానపు విద్యా చరిత్రను, చివరకు దాని విభజనను అర్థం చేసుకొనడానికి ఈ విషయం ముఖ్యమైనది.

చారిత్రక నేపథ్యం

కిమిడి ప్రాంతం కాలక్రమంలో పర్లాకిమిడి, పెద్దకిమిడి, చిన్నకిమిడి అనే మూడు భాగాలుగా విడిపోయింది. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత పర్లాకిమిడి పాలకుడు నారాయణ దేవు కంపెనీని ఎదిరించాడు. 1768లో జల్మూరు వద్ద కంపెనీ సైన్యం ఆయనను ఓడించింది. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో శాశ్వత శిస్తు పద్ధతి అమలులోకి రావడంతో పర్లాకిమిడి రాజు కంపెనీకి నిర్ణీతమైన పేష్కషు చెల్లించే జమీందారు అయినాడు.

దక్షిణాన చిత్తూరు ప్రాంతంలోని పాలెములకు కూడా ఇదే కాలంలో ఇటువంటి మార్పే ఎదురైనది. బంగారుపాళ్యం వంటి పాలెముల అధిపతులు సైనిక సేవకు బదులుగా భూమిని అనుభవించినవారు. 1801లో ఆర్కాటు రాజ్యం కంపెనీ చేతికి వచ్చిన తరువాత వారి సైనిక సేవతో అవసరం తీరిపోయింది. 1804లో చిత్తూరు పాలెగాండ్ల తిరుగుబాటు చెలరేగి అణచివేయబడింది. కత్తి బలంతో ఏర్పడిన చిన్న ఏలుబడి, కత్తికి పని లేని కాలంలో దేనిని ఆధారం చేసుకొని నిలవాలి అన్న ప్రశ్న ఆనాటి పాలెగాండ్లకు, జమీందార్లకు అందరికీ ఎదురైనదే.

పర్లాకిమిడిలో ఈ ప్రశ్నకు సమాధానం వెంటనే దొరకలేదు. కనుమ దారులను కాపాడే బిస్సోయీలు అనే కొండ నాయకుల తిరుగుబాట్లు 1830లలో తీవ్రమయినాయి. వాటిని అణచడానికి 1832లో మద్రాసు ప్రభుత్వం రస్సెల్ ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. పందొమ్మిదవ శతాబ్దంలో దీర్ఘకాలం జమీందారీ నిర్వహణ ప్రభుత్వ పర్యవేక్షణలోనే సాగింది.

శిస్తు పద్ధతి, రవాణా సమస్య

శాశ్వత శిస్తు పద్ధతిలో జమీందారు ప్రభుత్వానికి చెల్లించవలసిన సొమ్ము మారదు. కనుక సాగు పెరిగినా, పంటకు మంచి ధర పలికినా ఆ లాభంలో ఎక్కువ భాగం జమీందారీకే మిగులుతుంది. కాని పంటకు ధర రావాలంటే అది అంగడికి చేరాలి. పర్లాకిమిడి నుండి ధాన్యము, కొండ ప్రాంతం నుండి కలప, ఇతర అటవీ ఫలసాయము సముద్ర తీరానికి ఎడ్ల బండ్ల మీద చేరవలసి ఉండేది. తీరం నుండి ఉప్పు అదే దారిలో పైకి వచ్చేది. వానకాలంలో బండ్ల బాటలు పాడై రాకపోకలు కష్టమయ్యేవి.

1890లలో కోస్తా వెంట ప్రధాన రైలు మార్గం పూర్తి అయినది. ఉప్పు మడులకు ప్రసిద్ధి చెందిన నౌపడ గ్రామం ఆ మార్గం మీద ఉన్నది. అయితే పర్లాకిమిడి పట్టణం అక్కడికి సుమారు 39 కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. రైలు మార్గం దగ్గరగా వచ్చి పట్టణాన్ని తాకకుండా పోయినందున, వ్యాపారం రైలు స్టేషన్లు ఉన్న ఊళ్ళకు తరలిపోయే ప్రమాదం ఏర్పడింది.

పర్లాకిమిడి లైట్ రైల్వే

రాజా గౌరచంద్ర గజపతి నారాయణ దేవు ఈ లోటును తీర్చడానికి సొంత రైలు మార్గం వేయ సంకల్పించాడు. నౌపడ నుండి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వరకు రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న గేజి మార్గం నిర్మించబడింది. ఇందుకు సుమారు 7 లక్షల రూపాయలు ఖర్చయినది. 1900 ఏప్రిల్ 1న మార్గం ప్రారంభమైనది. దీనికి పర్లాకిమిడి లైట్ రైల్వే అని పేరు.

చిన్న గేజిని ఎంచుకొనడంలో ఆర్థిక కారణం స్పష్టంగా కనిపిస్తుంది. పట్టాల మధ్య వెడల్పు తగ్గితే కట్టలు, వంతెనలు, ఇంజన్లు అన్నీ చిన్నవిగా ఉండవచ్చును. వంపులు ఎక్కువగా ఉన్న దారిలో కూడా మార్గం వేయవచ్చును. కాని దీనివల్ల ఒక నష్టం కూడా ఉన్నది. నౌపడలో సరకునంతా చిన్న బండ్ల నుండి దించి పెద్ద గేజి బండ్లలోకి ఎక్కించవలసి వస్తుంది.

ప్రారంభంలో ఈ మార్గం లాభసాటిగా లేదు. తొలి పదేళ్ళు నష్టాలే వచ్చాయి. 1902 నుండి దీని నిర్వహణను బెంగాల్ నాగపూర్ రైల్వే చూసేది. 1910 తరువాత స్వల్పంగా లాభాలు మొదలయినాయి. 1924-25 తరువాత రాబడి బాగా పెరిగింది. దీనితో మార్గాన్ని వంశధార లోయలో ఇంకా పైకి పొడిగించారు. 1929, 1931లలో రెండు దశలుగా గుణుపురం వరకు పని పూర్తి అయినది. మొత్తం మార్గం పొడవు సుమారు 90 కిలోమీటర్లకు చేరింది.

నష్టం వచ్చిన పదేళ్ళు సంస్థానం ఈ మార్గాన్ని విడిచిపెట్టక పోవడం గమనించదగినది. జమీందారులు భవనాలకు, వేడుకలకు అప్పులు చేసి ఎస్టేటులను పోగొట్టుకున్న ఉదాహరణలు ఆ కాలంలో అనేకం ఉన్నాయి. రైలు మార్గం మీద పెట్టిన సొమ్ము ఆలస్యంగానైనా తిరిగి వచ్చింది. అంతకు మించి, పర్లాకిమిడిని మైదానానికి, కొండలకు మధ్య వ్యాపార కేంద్రంగా నిలిపింది.

స్వాతంత్ర్యానంతరం ఈ మార్గం భారతీయ రైల్వేలో భాగమైనది. పెద్ద గేజిగా మార్చడానికి 2004లో చిన్న రైళ్ళను నిలిపివేశారు. 2011లో పెద్ద గేజి మార్గం ప్రారంభమైనది.

వృత్తి పనులు

పట్టణానికి పేరు తెచ్చిన మరొక పని కొమ్ము పని. పశువుల కొమ్ములను, ముఖ్యంగా గేదె కొమ్ములను వేడి చేసి మెత్తబరచి, కావలసిన ఆకారానికి వంచి, ఆకురాయితో అరగదీసి నునుపు పెడతారు. దువ్వెనలు, చేతికర్రల పిడులు, కొంగలు, నెమళ్ళు, దేవతా మూర్తులు మొదలైనవి ఈ విధంగా తయారవుతాయి. ముడి సరకు చవకైనదే కనుక వస్తువు విలువ అంతా పనితనంలోనే ఉంటుంది. ఇది తండ్రి నుండి కొడుకుకు సంక్రమించే ఇంటి విద్య; దీనికి బడి లేదు. రాజపోషణ ఉన్నంత కాలం ఇటువంటి పనికి స్థానికంగానే గిరాకీ ఉండేది. జమీందారీ పోయిన తరువాత కొమ్ము పనివారు ప్రభుత్వ హస్తకళా సంస్థల మీద, దూరపు అంగళ్ళ మీద ఆధారపడవలసి వచ్చింది.

వ్యవసాయం విషయంలో కూడా సంస్థానాధీశులకు గుర్తింపు లభించింది. 1926లో లార్డ్ లిన్‌లిత్‌గో అధ్యక్షతన ఏర్పడిన భారత వ్యవసాయ రాయల్ కమిషన్ లో పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవు ఒక సభ్యుడు. 1928లో నివేదిక సమర్పించిన ఈ కమిషన్ వ్యవసాయ పరిశోధన, రైతుల విద్య, గ్రామాల రవాణా సౌకర్యాలను విడదీయరానివిగా పరిగణించింది.

విద్య

పాఠశాల, కళాశాల

పర్లాకిమిడిలో రాజావారి పాఠశాల 1857లో ఏర్పడింది. 1896లో ఇది రెండవ తరగతి కళాశాల స్థాయికి చేరింది. ఆనాటి మద్రాసు విశ్వవిద్యాలయ పద్ధతిలో ఎఫ్.ఏ. వరకు బోధించే కళాశాలను రెండవ తరగతి కళాశాల అనేవారు. గంజాం జిల్లాలోని విద్యార్థులకు ఉన్నత విద్యావకాశాలు చాలా తక్కువగా ఉన్న కాలంలో, రైలు సౌకర్యం కూడా రావడంతో, పర్లాకిమిడి పరిసర తాలూకాలకు విద్యా కేంద్రమైనది. తరువాతి కాలంలో రచయితగా, పాత్రికేయుడుగా ప్రసిద్ధి చెందిన తాపీ ధర్మారావు ఇక్కడ చదువుకొన్నవాడే. ఈ కళాశాల ఇప్పుడు శ్రీ కృష్ణచంద్ర గజపతి కళాశాల అనే పేరుతో నడుస్తున్నది.

గిడుగు రామమూర్తి

ఈ విద్యాలయానికి శాశ్వతమైన కీర్తి తెచ్చినవాడు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన 1863 ఆగష్టు 29న శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించాడు. విజయనగరంలో చదువుతున్నప్పుడు గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1880లో, తన పదిహేడవ ఏట, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. పాఠశాల కళాశాలగా ఎదిగిన తరువాత చరిత్ర బోధించాడు. 1911లో ఉద్యోగ విరమణ చేశాడు.

చరిత్ర అధ్యాపకుడుగా ఆయన ముఖలింగం దేవాలయాలలోని శాసనాలను చదివి, ప్రాచీన కళింగ రాజధాని అయిన కళింగనగరం ముఖలింగమేనని వాదించాడు. అయితే ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది సవర భాష.

సవర భాష, సవర బడులు

సవరలు సంతలకు, కచేరీలకు పర్లాకిమిడి వచ్చేవారు. తమ భాష అధికారులకు అర్థం కానందున వారు మధ్యవర్తుల చేతిలో మోసపోతూ ఉండేవారు. సవర భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. రామమూర్తి సవర తెలిసిన వ్యక్తిని తన ఇంట ఉంచుకొని ఆ భాషను నేర్చుకొన్నాడు. సవరల గ్రామాలు తిరిగి కథలు, పాటలు సేకరించాడు. సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టించాడు. సవర భాషలో వాచకాలు తయారు చేశాడు. కొండలలో తిరిగినందువల్ల మలేరియా సోకగా, దాని కోసం వాడిన క్వినైన్ మందు వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. నోటి మాటను విని నేర్చుకొనే పనిలో ఉన్న వానికి ఇది చిన్న నష్టం కాదు. ఆయన పనిని మాత్రం మానలేదు.

1913లో ప్రభుత్వం ఆయనకు బిరుదు ఇచ్చింది. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినాయి. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం లభించింది.

వాడుక భాషోద్యమం

లిపి లేని భాషను మనుషుల నోటి నుండి నేర్చుకొన్న అనుభవం రామమూర్తి దృష్టిని తెలుగు మీదికి మళ్ళించింది. పుస్తకం లేకపోయినా సవర భాషకు నియమాలు ఉన్నాయి. అటువంటప్పుడు జనం మాట్లాడే తెలుగుకు మాత్రం నియమాలు లేవనడం, పాఠ్య పుస్తకాలలో ఎవరూ మాట్లాడని గ్రాంథికాన్నే వాడాలనడం ఎంతవరకు సమంజసం? ఆ కాలంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారి అయిన జె.ఎ.యేట్సు కూడా, తరగతిలో పిల్లలకు నేర్పే తెలుగు వారు మాట్లాడే తెలుగుకు దూరంగా ఉండడాన్ని ప్రశ్నించాడు. 1906 ప్రాంతంలో గురజాడ, గిడుగు, యేట్సు తదితరుల చర్చలతో వాడుక భాషోద్యమం మొదలయినది. 1919లో రామమూర్తి "తెలుగు" అనే పత్రికను నడిపాడు. ఆయన జన్మదినమైన ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

భాష, సరిహద్దు

కృష్ణచంద్ర గజపతి 1892 ఏప్రిల్ 26న జన్మించాడు. తండ్రి మరణించే నాటికి మైనరు అయినందున 1913లో సంస్థానం పాలన ఆయన చేతికి వచ్చింది. మరుసటి సంవత్సరమే ఉత్కళ సమ్మేళనం సమావేశాన్ని పర్లాకిమిడిలో జరిపించాడు. ఒడియా భాషీయులకు ప్రత్యేక రాష్ట్రం కావాలని లండను రౌండు టేబులు సమావేశంలో వాదించాడు.

ఒకే సంస్థానం నీడలో రెండు భాషా చైతన్యాలు పెరిగాయి. రాజు ఒడియా రాష్ట్రోద్యమానికి నాయకుడు. రాజావారి కళాశాల పూర్వాధ్యాపకుడు తెలుగు భాషోద్యమానికి నాయకుడు. 1933 నాటి శ్వేతపత్రంలో పర్లాకిమిడిని కొత్త రాష్ట్రంలో చేర్చలేదు. 1934లో సంయుక్త పార్లమెంటరీ కమిటీ పట్టణాన్ని, ఎస్టేటులో కొంత భాగాన్ని చేర్చవలసినదిగా సూచించింది. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రం ఏర్పడింది. పట్టణం ఒడిషాలో చేరగా, ఎస్టేటులో పెద్ద భాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. రామమూర్తి ఈ నిర్ణయాన్ని నిరసించి, యాభై ఏళ్ళకు పైగా నివసించిన పర్లాకిమిడిని విడిచి రాజమండ్రి చేరాడు. 1940 జనవరి 22న మరణించాడు.

కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిషా తొలి ప్రధానమంత్రిగా కొద్ది నెలలు, తిరిగి 1941 నుండి 1944 వరకు పనిచేశాడు. ఉత్కళ విశ్వవిద్యాలయం 1943లో, కటకం వైద్య కళాశాల 1944లో ఆయన ప్రభుత్వ కాలంలోనే ఏర్పడినాయి. ఆయన 1974లో మరణించాడు. 1992లో ఏర్పడిన గజపతి జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

జమీందారీ రద్దు

మద్రాసు రాష్ట్రంలోని భాగానికి 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము, ఒడిషాలోని భాగానికి 1951 నాటి చట్టము వర్తించాయి. వీటితో పర్లాకిమిడి జమీందారీ ముగిసింది.

పోలిక: జపానులోని యొనెజావా

చిన్న ఏలుబడి పరిశ్రమను, విద్యను ఆధారం చేసుకొని నిలవడానికి ప్రపంచంలో తరచుగా చెప్పబడే ఉదాహరణ జపానులోని యొనెజావా సంస్థానం. జపానులో సంస్థానాల స్థాయిని "కొకు" అనే ధాన్యపు కొలతతో లెక్కించేవారు. ఒక కొకు సుమారు 180 లీటర్ల బియ్యం. ఉయెసుగి వంశీయుల ఏలుబడి 12 లక్షల కొకుల నుండి 1601లో 3 లక్షలకు, 1664లో లక్షన్నరకు తగ్గించబడింది. కాని వారు తమ సమురాయి పరివారాన్ని ఆ మేరకు తగ్గించుకోలేదు. ఫలితంగా సంస్థానం అప్పులలో మునిగింది.

1767లో అధికారానికి వచ్చిన ఉయెసుగి హరునొరి (యొజాన్ అనే పేరుతో ప్రసిద్ధుడు) ముందుగా తన సొంత ఖర్చులను తగ్గించుకొన్నాడు. మల్బరీ, లక్క చెట్లు, కాగితపు చెట్లు పెద్ద ఎత్తున నాటించాడు. సమురాయి కుటుంబాల స్త్రీలు కూడా నేత నేర్చుకొన్నారు. 1776లో కొజొకాన్ అనే విద్యాలయాన్ని నెలకొల్పాడు. 1822లో ఆయన మరణించే నాటికి సంస్థానం అప్పులు దాదాపుగా తీరిపోయాయి. 1871లో జపాను ప్రభుత్వం సంస్థానాలను రద్దు చేసింది. యొనెజావా పట్టు నేత మాత్రం కొనసాగింది. 1910లో అక్కడ ఉన్నత సాంకేతిక విద్యాలయం ఏర్పడింది.

రెండు సంస్థానాలకు మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. యొనెజావాలో పరిశ్రమ ఇంటింటి పని. విద్యాలయం ఆ సంస్కరణలను నడిపే అధికారులను తయారు చేసింది. రెండూ ఒకదానికొకటి తోడైనాయి. పర్లాకిమిడిలో రైలు మార్గము, కళాశాల వేరువేరు దారులలో నడిచాయి. కళాశాల గుమాస్తాలను, ఉపాధ్యాయులను, పండితులను తయారు చేసింది గాని కొమ్ము పనివారికి, రైతులకు పనికివచ్చే విద్యను నేర్పలేదు.

ఫలితాలు, పరిమితులు

రైలు మార్గము, విద్యాలయము సంస్థానానికి రాబడిని, గౌరవాన్ని తెచ్చినా వాటి ప్రయోజనం అందరికీ సమానంగా అందలేదు. కొండ ప్రాంతపు సవరలకు అందిన విద్య చాలావరకు ఒక ఉపాధ్యాయుని పూనికతో జరిగినదే. 1936లో, రామమూర్తి పర్లాకిమిడి విడిచిన సంవత్సరంలోనే, మంగై గొమాంగో సవర భాష కోసం "సొరాంగ్ సొంపెంగ్" అనే లిపిని రూపొందించాడు. పిల్లలకు మొదటి చదువు వారి మాతృభాషలోనే ఉండాలన్న ఆలోచన ప్రభుత్వ విధానంగా రావడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఒడిషాలో 2006-07లో మొదలైన బహుభాషా విద్యా పథకంలో సవర భాష ఒకటి. 2011 జనగణన నాటికి కూడా గజపతి జిల్లా అక్షరాస్యత ఒడిషా సగటు అయిన సుమారు 73 శాతం కంటే చాలా తక్కువగా ఉన్నది. నూరేళ్ళకు పైగా కళాశాల ఉన్న పట్టణం చుట్టూ ఇటువంటి పరిస్థితి ఉండడాన్ని బట్టి, పట్టణంలో విద్యాలయం స్థాపించడం, కొండలలో చదువు వ్యాపించడం రెండు వేరు విషయాలని తెలుస్తుంది.

ముఖ్య ఘట్టాలు

1768 – జల్మూరు యుద్ధం. కంపెనీ చేతిలో నారాయణ దేవు ఓటమి
1857 – రాజావారి పాఠశాల
1880 – ఉపాధ్యాయుడుగా గిడుగు రామమూర్తి చేరిక
1896 – కళాశాల స్థాయి
1900 – నౌపడ-పర్లాకిమిడి రైలు మార్గం ప్రారంభం
1911 – రామమూర్తి ఉద్యోగ విరమణ
1913 – కృష్ణచంద్ర గజపతి అధికార స్వీకారం
1931 – గుణుపురం వరకు రైలు మార్గం. సవర భాషా వ్యాకరణం ప్రచురణ
1936 – ఒడిషా రాష్ట్ర అవతరణ, ఎస్టేటు విభజన
1948, 1951 – ఎస్టేటుల రద్దు చట్టాలు
2011 – పెద్ద గేజి మార్గం ప్రారంభం

ఇవి కూడా చూడండి

గిడుగు వెంకట రామమూర్తి
గురజాడ అప్పారావు
తాపీ ధర్మారావు
శ్రీముఖలింగం
సవర భాష